అంతర్జాలమున సంఘజీవనము



చేతిఫోనులు వచ్చిన పిదప రచ్చబండ బోసిపోయినదనియు, పడుచువారు ఇరుగుపొరుగులను మరచిరనియు పెద్దలు వాపోవుచుందురు. ఈ మాట ఎంతవరకు నిజము? మనుష్యులు అంతర్జాలమున నెట్లు మెలగుచున్నారో పరిశీలించిన విద్వాంసులు పలువురు కలరు. పెద్దల మాటను తూచి చూచుటకు వారి పరిశోధనలు అక్కరకు వచ్చును.

1990 తరువాతి దశకమున పలువురు పండితులు అంతర్జాలమును వేరొక లోకముగా నెంచిరి. అందు అడుగిడినవాడు పేరును, ఊరును విడిచి క్రొత్త వేషము దాల్చునని వారి తలంపు. డేనియల్ మిల్లర్, డాన్ స్లేటర్ అను ఇరువురు దీనిని ప్రశ్నించిరి. వారు కరీబియన్ సముద్రమందలి ట్రినిడాడ్ ద్వీపమున ప్రజల వాడుకను పరిశీలించి, 2000 సంవత్సరమున గ్రంథము ప్రకటించిరి. ఆ ద్వీపవాసులు అంతర్జాలమున తమ దేశీయతను వీడలేదు. విదేశములకు పోయిన బంధువులతో సడలిన సంబంధములను దానిద్వారా మరల బిగించుకొనిరి.

2012లో లండన్ యూనివర్సిటీ కాలేజీయందు మిల్లర్ నాయకత్వమున అంతకంటె పెద్ద ప్రయత్నము మొదలైనది. తొమ్మండుగురు మానవశాస్త్రజ్ఞులు తొమ్మిది చోట్ల పదునైదేసి నెలలు నివసించి, ప్రజల నడుమ మెలగిరి. ఇంగ్లాండు, ఇటలీ, టర్కీ, బ్రెజిల్, చిలీ, ట్రినిడాడ్, భారతదేశములందు ఒక్కొక్క చోటును, చైనాయందు రెండు చోట్లును ఎన్నుకొనబడినవి.

సాధనమొక్కటే యైనను వాడుక ఒక్కటి కాలేదు. చైనా కర్మాగారములకు పల్లెలనుండి వలసవచ్చిన యువజనులకు, చుట్టునున్న బ్రదుకుకంటె ఫోనులోని స్నేహమే నిండుగా తోచినట్లు షిన్యువాన్ వాంగ్ వ్రాసెను. ఇంగ్లాండు పల్లెవాసులన్ననో, పరిచితులను మరీ చేరదీయక, మరీ దూరము చేయక, తగినంత యెడముననుంచుటకు దానిని వాడుకొనిరి.

చెన్నై సమీపమున కంప్యూటరు సంస్థలు వెలసిన అయిదు పల్లెలను శ్రీరాం వెంకటరామన్ పరిశీలించెను. అసలు పేళ్లు దాచి ఆ చోటికి ‘పంచగ్రామి’ యని పేరిడెను. అచట కులభేదమును, కలిమిలేముల భేదమును, బంధుత్వపు కట్టుబాటులును ఫోనులోనికి వెంటవచ్చినవి. ఆడుబిడ్డల ఫోను వాడుకపై ఇంటివారి కాపలా యుండెను. ఇంకొకవైపున, ఉద్యోగమునకు పోయినవారు సందేశములద్వారా పనివేళలయందును ఇంటి బాగోగులరసికొనుచుండిరి.

అమెరికాలోని పిల్లలనుగూర్చి డేనా బాయిడ్ 2014లో ప్రకటించిన గ్రంథము ఈ సభకు మిక్కిలి దగ్గరి విషయము. పిల్లలు కోరునది యంత్రమును గాదు, తోడివారిని. పెద్దల భయములవలనను, తీరిక లేమివలనను స్వేచ్ఛగా కలిసికొను చోట్లు కరవై వారటు పోవుచున్నారని ఆమె తేల్చెను.

కావున ఫోనును నిందించుటతో పని తీరదు. ఊరిలోని మంచిచెడ్డలే అందును ప్రవేశించుచున్నవి. రచ్చబండకడ అందరికిని సమానముగ చోటుండెనా? అచట ఆడుబిడ్డలు కూర్చుండగలిగిరా? పోయినదానికై విలపించుటకుముందు ఈ ప్రశ్న వేసికొనవలెను.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునకు ఇచట ఒక కర్తవ్యము కలదు. మిల్లర్ బృందమువారి గ్రంథములు వెల లేకయే అంతర్జాలమున లభించుచున్నవి. వానిని ఇచట చదివి వినిపింపవచ్చును. కులము, లింగము అను భేదము లేక పడుచువారు సాయంకాలము కూర్చుండి మాటలాడుకొనుటకు ఒక గదిని విడువవచ్చును. కలియుటకు చోటు దొరకినచో వారెచటికి వత్తురో ఊరే చూడగలదు.