మారుమనువుకు సాక్ష్యం ఎవరు చెప్పాలి?

(ఝపటాపూర్‌లో తెలుగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి ఖరగ్‌పూర్ వచ్చారు. వస్తూ తమ పెళ్ళి పద్ధతులు కూడా తెచ్చుకున్నారు. వలసపోయిన కుటుంబం తన ఆచారాన్ని వెంట తీసుకువెళ్తుందని హిందూ లాలో పాత సూత్రమే ఉంది. అయితే ఆచారం రైలెక్కి వచ్చింది గానీ, దాన్ని రుజువు చేసే పెద్దమనుషులు ఊళ్ళోనే ఉండిపోయారు. నేను మాట్లాడబోయేది ఈ చిక్కు గురించే.

మా అమ్మమ్మది మారుమనువు. మొదటి మొగుడు కొట్టేవాడు. కులపెద్దలు కూర్చుని, ఓలి తిరిగి ఇప్పించి, తెగతెంపులు చేశారు. తర్వాత ఆమె మా తాతని చేసుకుని ఈ ఊరొచ్చింది. నలభై ఏళ్ళ కాపురం. తాత పోయాక ఒక ఆఫీసులో మొదటి పెళ్ళి రద్దయినట్టు కోర్టు కాగితం చూపించమన్నారు. ఆమె దగ్గరున్నది వేలిముద్రల తెల్లకాగితం ఒక్కటే. ముద్రలు వేసినవాళ్ళెవరూ అప్పటికి బతికిలేరు. ఆఖరిదాకా ఆమె ఆ ఫైల్లో భార్య కాలేకపోయింది.

చట్టం ఏమంటోంది? 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, వధూవరుల్లో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం జరిగినా పెళ్ళి పెళ్ళే. 29(2) సెక్షన్ ఆచార విడాకుల హక్కును కాపాడింది. అంటే కులపెద్దల ముందు జరిగిన తెగతెంపులకు చట్టంలో చోటుంది. కానీ 3(ఎ) సెక్షన్ షరతులు పెట్టింది. ఆచారం చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరున పాటించినదై ఉండాలి. స్పష్టంగా ఉండాలి. అసమంజసం కాకూడదు, ప్రజా విధానానికి విరుద్ధం కాకూడదు. యమనాజీ జాధవ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు, ఆచార విడాకులు సాధారణ చట్టానికి మినహాయింపు కాబట్టి ఆ ఆచారం ఉందని చెప్పుకున్నవాళ్ళే రుజువు చేయాలంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. భావురావు శంకర్ లోఖండే కేసులో 1965లో సుప్రీంకోర్టు, రెండో పెళ్ళిలో అవసరమైన కర్మకాండ జరిగినట్టు రుజువు కాలేదు కాబట్టి ద్విభార్యత్వం నేరం నిలవదంది. రుజువు లేకపోవడం అక్కడ మగవాణ్ణి శిక్ష నుంచి తప్పించింది. అదే రుజువు లేకపోవడం మా అమ్మమ్మకి శిక్ష అయింది. చట్టం ముందు సమానత్వం అని 14వ అధికరణం చెబుతుంటే, చదువూ కాగితమూ దక్కని కులాల ఆడవాళ్ళ మీద ఈ బరువెందుకు?

అలాగని ఆచారాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. కులం నిలబడేది కులంలోపలి పెళ్ళి వల్లేనని, సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం దాన్ని కాపాడే పనిముట్లని అంబేద్కర్ 1916లోనే కొలంబియాలో చదివిన వ్యాసంలో చూపించారు. ఆ లెక్కన మారుమనువు మన ఆడవాళ్ళ స్వేచ్ఛకు గుర్తు. కానీ అమ్మమ్మని విడిపించిన ఆ పెద్దలే, మరో కులపు అబ్బాయిని చేసుకున్న మా పిన్నిని వెలేశారు. అదీ ఆచారమే.

ఈ రెండింటినీ వేరుచేయడానికి గీటురాయి రాజ్యాంగమే. 13వ అధికరణం 'చట్టం' అన్న మాటలో ఆచారాన్నీ చేర్చింది. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన ఆచారం చెల్లదు. 1951 నాటి నరసు అప్పా మాలి తీర్పులో బొంబాయి హైకోర్టు వ్యక్తిగత చట్టాలను ఈ పరీక్షకు బయటే ఉంచింది. 2018 శబరిమల తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ ఆ వాదాన్ని తప్పుపట్టారు. ఈ చర్చలో ఆచారం ఎంత పాతదన్నది నా ప్రశ్న కాదు. అది ఆడమనిషికి బయటికి దారి ఇస్తుందా, తలుపు మూస్తుందా అన్నదే నా ప్రశ్న.

విద్యార్థులుగా మీరు చేయగలిగింది ఒకటుంది. ఆచారం పాటించిన సందర్భాలు కోర్టులో సాక్ష్యంగా పనికొస్తాయి. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో జరిగిన మారుమనువులు, తెగతెంపులు, పంచాయితీ కాగితాలు పెద్దవాళ్ళు ఉండగానే రాసి పెట్టండి. కులపెద్దల ముందు విడిపోయినవాళ్ళు సివిల్ కోర్టులో డిక్లరేషన్ తెచ్చుకునేలా తోడు నిలవండి. మీ పెళ్ళి రిజిస్టర్ చేయించుకోండి. కానీ 7వ సెక్షన్ కిందికి వచ్చే పెళ్ళికి రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది, అది గుర్తుంచుకోండి. కర్మకాండే వద్దనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అంబేద్కర్ కూడా 1948లో రిజిస్టర్ పెళ్ళే చేసుకున్నారు.

అమ్మమ్మ కాగితం ఇంకా మా ఇంట్లో ఉంది. ఇలాంటివి ఈ పేటలో ఎన్ని పెట్టెల అడుగున ఉన్నాయో వెతుకుదాం.

జై భీమ్.