కృతజ్ఞతకు ముందు వినబడే కేక

ఈ ఉదయం హైస్కూలులో చదువుకొనే మన పిల్లల క్షేమమును గూర్చి, కృతజ్ఞతను గూర్చి కొన్ని మాటలు మీతో పంచుకోవాలని ఆశిస్తున్నాను.

లూకా సువార్త 17వ అధ్యాయములోని పదిమంది కుష్ఠరోగుల సంగతి మీకు తెలిసినదే. పదిమందీ బాగుపడ్డారు. ఒక్కడే తిరిగివచ్చి ప్రభువు పాదముల యొద్ద సాగిలపడ్డాడు. వాడు సమరయుడు. ఈ భాగము మీద నేను చాలాసార్లు మాట్లాడాను. ప్రతిసారీ ఆ తొమ్మిదిమందిని నిందించి ముగించేవాణ్ణి. ఒక పిల్లవాడు నా ప్రసంగాన్ని మార్చాడు.

నేను ఇరవై రెండేళ్ళు ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పాను. ఆ యేడు పదవ తరగతికి క్లాస్ టీచరును. స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు, ప్రీఫైనల్ పరీక్షలు. ఉదయం అసెంబ్లీలో తక్కువ మార్కులు వచ్చినవారి పేర్లు చదివేది నేనే. పిల్లల ముఖాల్లో నవ్వు లేదు. అది గమనించి మా హెడ్మాస్టరు గారు ఒక పని పెట్టారు. శనివారం ఆఖరి పీరియడులో ప్రతి ఒక్కరూ ఆ వారం తమకు మేలు చేసిన ముగ్గురిని తలచుకొని, ఏ మేలో కూడా కాగితం మీద వ్రాయాలి.

పాస్ మరచిపోయినా బస్సు దించెయ్యని కండక్టరును గూర్చి ఒక అమ్మాయి వ్రాసింది. మళ్ళీ సాంబారు అడిగితే విసుక్కోని వంట అక్కను గూర్చి నలుగురు వ్రాశారు. అది మైకులో చదివినప్పుడు ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకొని, "పదకొండేళ్ళుగా వండుతున్నాను సారూ, ఈ బడిలో నా పేరు పిలవడం ఇదే మొదలు" అన్నది.

ఒక్క కాగితం మీద మాత్రం "ఎవరూ లేరు" అని ఉంది. నాకు కోపం వచ్చింది. ఆ అబ్బాయిని నిలబెట్టి, "అన్నం పెట్టే అమ్మ కూడా లేదురా నీకు?" అని అందరి ముందు అడిగాను. వాడు తల దించుకున్నాడు.

సాయంత్రం బడి వదిలినా వాడు వరండాలోనే కూర్చొని ఉన్నాడు. వెళ్ళి ప్రక్కన కూర్చున్నాను. చాలాసేపటికి నోరు విప్పాడు. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి రెండేళ్ళయింది. వీడు మేనమామ ఇంట్లో ఉంటూ రాత్రి పదకొండు దాకా ఆయన కొట్లో పని చేస్తున్నాడు. చివరికి, "పరీక్ష తప్పితే నేనింక ఉండను సార్" అన్నాడు.

ప్రియులారా, ఆ రాత్రి మేము వాణ్ణి ఒంటరిగా విడువలేదు. హెడ్మాస్టరు గారు మేనమామను పిలిపించి మాట్లాడారు. వాళ్ళమ్మకు ఫోను కలిపారు. మరునాడు వైద్యుని యొద్దకు తీసుకువెళ్ళాము. సోమవారం నుండి అసెంబ్లీలో మార్కులు చదవడం మానేశాను. ఆ యేడు వాడు లెక్కల్లో తప్పాడు, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. పరీక్షలకు ముందు చివరి శనివారం వాడి కాగితంలో ఒకే పేరు ఉంది. నా పేరు కాదు. సాయంత్రాలు వాడికి తన టీలో సగం పోసిన వాచ్‌మన్ తాత పేరు.

ఆ రాత్రి ఇంటికి పోయి ఆ వాక్యభాగము మరల చదివాను. ఆ పదిమంది మొదట చేసినది స్తుతి కాదు. దూరమున నిలిచి కేక వేశారు. ముందు నాకు వందనము చెప్పండి అని ప్రభువు అనలేదు. ముందు కేక విన్నారు. కృతజ్ఞత ఆ తరువాత వచ్చింది. నేనైతే కేక వినకుండానే కృతజ్ఞత అడిగాను.

కృతజ్ఞత వ్రాయించడం మంచి అలవాటే. 2008లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో 221 మంది ఆరు, ఏడు తరగతుల పిల్లలు పాల్గొన్నారు. రెండు వారాలపాటు తమకు కలిగిన మేళ్ళను వ్రాసుకొన్నవారికి, చిరాకులను వ్రాసుకొన్నవారికన్నా బడి మీద తృప్తి ఎక్కువగా కనబడింది. అయితే లోతైన వేదనకు అదొక్కటే మందు కాదు.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, కృతజ్ఞతను పెద్దలమే మొదలుపెడదాము. బల్లలు తుడిచిన పిల్లవాడికి, గంట కొట్టే అటెండరుకు, వండిపెట్టే అక్కకు పేరు పెట్టి వందనము చెబుదాము. బిడ్డ "ఏమీ లేదు" అని వ్రాస్తే కోపపడక ప్రక్కన కూర్చుందాము. బ్రతకాలని లేదన్న మాట ఏ బిడ్డ నోట విన్నా తేలికగా తీసుకోవద్దు, ఒంటరిగా విడువవద్దు. ప్రార్థన చేయండి, వైద్య సహాయము కూడా పొందండి. టెలీ మానస్ నంబరు 14416. రాత్రింబవళ్ళు ఉచితముగా తెలుగులోనే మాట్లాడవచ్చును.

ప్రార్థించుకొందము. కేకలు వినే తండ్రీ, మా బడులలో మౌనముగా కూర్చున్న బిడ్డల కేక వినే చెవులు మాకు దయచేయుము. మాకు మేలు చేసినవారిని మరువని హృదయమును మాకిమ్ము. ఆమేన్.