చిన్న పిల్లల తిండి – మా సంఘం అనుభవం



పొదుపు గురించి, అప్పుల గురించి ఇప్పటిదాకా అందరూ చెప్పారు. మేము చిన్న పిల్లల తిండి గురించి చెప్తాం. ఇది గొప్పగా చేశామని చెప్పుకునే ముచ్చట కాదు. మా తప్పుతోనే మొదలుపెడతాం.

పోయిన ఏడు పత్తి ఏరే రోజుల్లో మా సంఘంలోని ఒక చెల్లె కొడుకు జబ్బకు అంగన్‌వాడీ టీచర్ టేపు చుట్టి చూసింది. 14 నెలల పిల్లగాడు. టేపు పసుపు రంగు చూపించింది. అంటే చుట్టుకొలత 11.5 నుంచి 12.5 సెంటీమీటర్ల మధ్య ఉన్నట్టు. 11.5 కన్నా తగ్గితే ఎరుపు, అప్పుడు వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. ఆ తల్లి మా సమావేశం ఒక్కటి కూడా తప్పలేదు, కిస్తీ ఏనాడూ ఆపలేదు. ప్రతిసారీ పిల్లగాడు ఆమె ఒళ్లోనే ఉన్నాడు. మేము పుస్తకం చూశాం గానీ పిల్లగాణ్ణి చూడలేదు.

మరి నెలనెలా ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం ఏమైంది? ఇంటికి పోయి అడిగాం. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి కదా, కమ్మగా ఉంటది. పెద్ద పిల్లలిద్దరూ తింటున్నారు, వారం పది రోజుల్లో ప్యాకెట్ ఖాళీ. మేము ఏమీ అనలేకపోయాం. దాంతో లడ్డూలు చేసుకుని తిన్నవాళ్లం మాలోనూ ఉన్నాం, దాచేదేముంది.

తల్లి పొద్దున ఏడింటికి చేనుకు పోతే చీకటి పడ్డాకే వస్తది. పిల్లగాడికి పెట్టేది నాయనమ్మ. "వాడు తింటలేడు బిడ్డా, ఏడిస్తే చాయ్‌ల బిస్కెట్ ముంచి పెడుతున్న" అన్నది. మధ్యాహ్నం పప్పు మీది తేటతో రెండు ముద్దలు. గుడ్డు వేడి చేస్తదని అసలు పెట్టలేదట. ఆమె నలుగురిని పెంచిన మనిషి, తప్పు పట్టడానికి మేమెవరం?

టీచరమ్మ ఆమె పొయ్యి మీదనే చేసి చూపించింది. అదే అన్నం, అదే పెసరపప్పు, కొంచెం తోటకూర. మెత్తగా మెదిపి ఒక చెంచా నూనె వేసింది. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలన్నది. పిల్లల కడుపు చిన్నది, నీళ్లతో నింపితే బలం ఎక్కడిది? అందుకే కొంచెం కొంచెంగా రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి, తల్లిపాలు రెండేళ్లు దాటినా ఇవ్వొచ్చు. పిల్లగాడికి వేరే గిన్నె పెట్టించాం, ఎంత తిన్నాడో అప్పుడే తెలుస్తది. చాయ్ బంద్ చేయించాం, అది తిండిలోని ఐరన్ ఒంటికి పట్టనీయదు. గుడ్డు మొదటిరోజు సగమే మెదిపి పెట్టింది నాయనమ్మ, రాత్రంతా ఒళ్లు పట్టుకుని చూసిందట. ఏమీ కాలేదు.

ఇంకో మాట. ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు అమ్మే దుకాణం మా సభ్యురాలిదే. దానికి అప్పిచ్చింది మేమే. ప్యాకెట్లు మానెయ్యమంటే ఆమెకు గిట్టుబాటు కాదు. అరటిపండ్లు, ఉడికించిన గుడ్లు కూడా పెట్టమన్నాం, పెట్టింది. ప్యాకెట్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

నాలుగు నెలలకు పిల్లగాడి టేపు ఆకుపచ్చలోకి వచ్చింది. ఇప్పుడు కిస్తీలు అయిపోగానే, సంతకాల కన్నా ముందు, మూడేళ్ల లోపు పిల్లలున్న తల్లులను ఒకటే అడుగుతున్నాం: నిన్న మధ్యాహ్నం పిల్లకు ఎవరు పెట్టారు, ఏం పెట్టారు? మొదట్లో కొందరికి కోపం వచ్చింది. నాయనమ్మ, అమ్మమ్మ లేని ఇళ్లే కష్టం. అట్లాంటి పిల్లలు ఐదుగురిని మా వాడలో ఒక పెద్దమ్మ చూస్తున్నది. ఇంటికి రోజుకు పది రూపాయలు ఇయ్యాలని తీర్మానం రాసుకున్నాం. ఇద్దరు సరిగ్గా ఇస్తలేరు, వాళ్లకు నిజంగా లేదు. ఆ లోటు సంఘం పొదుపులోంచే పూడుస్తున్నాం. అది ఎన్నాళ్లో నడవదు.

అందుకే సమాఖ్యను అడుగుతున్నాం. ఈసారి పత్తి తీతకు ముందే, ప్రతి ఊళ్లో ఇట్లాంటి పెద్దమ్మకు మూడు నెలల కూలి ఇచ్చే విషయం కార్యవర్గం ఎజెండాలో పెట్టండి. లెక్కలు మేము రాసుకొచ్చాం, చూపిస్తాం.