శరత్తులో ఒక మంచిమాట

వానలు వెనకబట్టాయి, ఎండ మెత్తబడింది. ఆశ్వయుజ, కార్తిక మాసాలు మనకు శరదృతువు. పారిజాతాలు రాత్రి విరిసి, తెల్లవారేసరికి నేల రాలే కాలం ఇది.

ఇది పండగల కాలం కూడా. మన భిలాయిలో పండగ మాటొస్తే కర్మాగారం గుర్తుకు రాక తప్పదు. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఇక్కడికి పనికొచ్చి స్థిరపడిన తెలుగువాళ్లలో ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో. ఫర్నేస్‌కు పండగ సెలవు ఉండదు, షిఫ్టులు ఆగవు. అందుకే దసరాకో దీపావళికో అందరూ ఒకచోట కలిస్తే అది నిజంగా భాగ్యమే. సొంతూళ్లతో రాకపోకలకు వీలుగా, పక్కనున్న దుర్గ్ నుంచి రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖకు 2024 సెప్టెంబరులో వందేభారత్ రైలు కూడా మొదలైంది.

చుట్టాలొస్తే మైత్రీబాగ్‌లో తెల్లపులులను చూపించండి. భారత్-సోవియట్ స్నేహానికి గుర్తుగా వెలిసిన తోట అది. కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనానికి ఇరుగుపొరుగునూ పిలవండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. రోజూ ఓ పావుగంట పిల్లలచేత తెలుగు కథ పైకి చదివించండి, తాతయ్య, అమ్మమ్మలను వినమనండి.

మీకు మేలు చేసినవారు ఒక్కరైనా గుర్తొస్తే, వాయిదా వేయకండి. ఈరోజే ఫోన్ చేసి ఆ మేలు గుర్తుందని చెప్పండి.