ఉన్న రెండు చొక్కాలతోనే
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తక్కువ ఖర్చుతో, తక్కువ సమయంలో మనిషి చక్కగా కనబడటం ఎలా అనే విషయం మీద రెండు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. ఈ సంగతి ఇంట్లో చెబితే అందరూ నవ్వినారు. నా చొక్కా జేబు మీద ఎర్రసిరా మరక లేని రోజు మా ఇంట్లో పండుగ. పైగా నేను ఉర్దూ మీడియం టీచరును. పగలంతా ఉర్దూలో పాఠం చెప్పి, రాత్రి తెలుగులో ఈ ప్రసంగం రాసుకున్నాను. భాషలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. అయితే నేను దర్జీ కొడుకును. ఆ ఒక్క అర్హతతోనే ఈ మైకు ముందు నిలబడినాను.

ముందుగా నా తప్పు ఒకటి మీ అందరి ఎదుట చెప్పుకోవాలి.

2009 అక్టోబరు 2వ తేదీ, శుక్రవారం. ఆ రోజు కర్నూలులో ఉన్నవాళ్ళెవరూ దాన్ని మరచిపోలేరు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినాయి. కట్టుబట్టలతో మిద్దెలెక్కినాము, కట్టుబట్టలతోనే దిగినాము. నీళ్ళు తీసిన తర్వాత చూస్తే పెట్టెల్లోని బట్టలన్నీ బురద ముద్దలు. పెళ్ళి పట్టుచీర ఏదో, పసిపిల్లవాడి లాగు ఏదో తెలియదు. ఆ తర్వాత ఎక్కడెక్కడి నుంచో లారీల్లో బట్టలు వచ్చినాయి. పంపినవారికి అల్లా మేలు చేయుగాక. కాని మూటలు విప్పితే ఎవరి కొలత ఎవరికి సరిపోతుంది? చేతికి దొరికింది తీసుకొని కట్టుకున్నారు.

బడి తిరిగి తెరిచిన వారంలో, నా ఏడో తరగతిలో ఒక పిల్లవాడు పెద్దమనిషి చొక్కా వేసుకొని వచ్చినాడు. భుజం కుట్లు మోచేతుల దాకా జారినాయి. చేతులు నాలుగు మడతలు మడిచినాడు. రెండు గుండీలు లేని చోట పిన్నీసులు పెట్టినాడు. పిల్లలు వాడికి ఏదో పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టినారు. వాళ్ళు పిల్లలు, నేనైనా ఊరుకోవలసింది. "ఏమిరా, బడికి వచ్చేటప్పుడు కొంచెం మనిషి మాదిరి రావాలని తెలీదా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు కూడా నవ్వినాడు. ఆ నవ్వే నన్ను ఇప్పటికీ వదలలేదు. మరుసటి రోజు నుంచి వాడు బడికి రాలేదు.

పది రోజులు చూసి వాళ్ళ ఇంటికి పోయినాను. వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడి, "వాడు మెకానిక్కు షెడ్డులో పనికి కుదిరినాడు సాబ్. అక్కడైతే చొక్కా ఎట్లున్నా ఎవరూ ఏమీ అనరంట" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేనూ ఏదో ఒక జవాబు చెప్పి ఉండేవాణ్ణి. తర్వాత రెండుసార్లు పోయి బతిమాలినా వాడు రాలేదు.

ఆ రాత్రి మా అబ్బాజాన్‌కు చెప్పినాను. ఆయన వరదలో మునిగిన ఉషా మిషనును ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, నూనె పోసి అప్పటికే తొక్కడం మొదలుపెట్టినారు. తల ఎత్తకుండానే, "ఆ చొక్కా నా దగ్గరికి తెచ్చి ఉంటే గంట పని కదరా" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ చలికాలమంతా ఆయన పేటలోవాళ్ళ మూటల బట్టలు సరిచేసి ఇస్తూనే ఉన్నారు. కూలి అడగలేదు. నేను బడి నుంచి వచ్చి కుట్లు విప్పి, గుండీలు కుట్టి పెట్టేవాణ్ణి. ఇక్కడ మీకు చెప్పబోయేది చాలా వరకు ఆ మిషను పక్కన కూర్చొని నేర్చుకున్నదే.

మొదటి మాట కొలత. మనం బట్ట ఖరీదు చూస్తాం, రంగు చూస్తాం, కొలత చివర చూస్తాం. చూసేవాళ్ళ కంటికి మాత్రం ముందు కనబడేది కొలతే. పాత చొక్కా అయినా భుజం కుట్టు భుజం ఎముక చివర కూర్చొని, చేయి మణికట్టు దగ్గర ఆగిందంటే ఆ మనిషి పొందికగా కనబడతాడు. వెయ్యి రూపాయల కొత్త ప్యాంటు అయినా మడమ కింద నలుగుతుంటే అది ఎరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. రెడీమేడు కొన్నా, అన్న చొక్కా తమ్ముడికి ఇచ్చినా ముందు భుజం చూడండి. పొడవు తగ్గించడం, నడుము బిగించడం, పక్కలు లోపలికి తీయడం దర్జీకి చిన్న పని. భుజం సరిచేయాలంటే చేయి మొత్తం విప్పి, మళ్ళీ కత్తిరించి కుట్టాలి. ఆ కూలి పెట్టే బదులు ఆ చొక్కా ఇంకొకరికి ఇచ్చేయడం మేలు.

పెరిగే పిల్లలకు ప్యాంటు, సల్వారు కుట్టించేటప్పుడు కింద రెండంగుళాల బట్ట లోపలికి మడిచి తురుపాయి వేయించండి. ఏటా కొంచెం విప్పుకోవచ్చు. విప్పిన చోట పాత మడత గీత కనబడితే దాని మీద ఒక కుట్టు వేయించండి. అది కావాలని వేసిన డిజైను అనుకుంటారు.

ఇక కాలరు. చొక్కాలో ముందు చచ్చేది కాలరే. మెడ రాసుకొని మడత దగ్గర చిట్లుతుంది, మిగిలిన చొక్కా మాత్రం రెండేళ్ళు నడిచేట్టు ఉంటుంది. మా చిన్నతనంలో కాలరు తిప్పించడం అని ఒక పని ఉండేది. పట్టీ దగ్గర కుట్టు విప్పి, కాలరును అటుది ఇటు తిప్పి మళ్ళీ కుట్టేవారు. అడుగు భాగం ఎండ తగలక, రాపిడి లేక కొత్తగా ఉంటుంది కాబట్టి చొక్కాకు రెండో ఆయుష్షు వచ్చేది. ఇప్పుడు ఎవరైనా అడిగితే కుర్ర దర్జీలు వింతగా చూస్తున్నారు. కొత్త చొక్కా ధరతో పోల్చి చూసుకొని అడగండి, సిగ్గుపడకండి.

ఉతుకు సంగతి మన తల్లులకు చెప్పడం నా వల్ల అయ్యే పని కాదు. మగవాళ్ళ కోసం చెబుతున్నాను. ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉన్నా కాలరు, చేతుల అంచులు తడిపి సబ్బు రుద్ది చేత్తో ఒకసారి తోమాల్సిందే. రక్తం మరక పడితే చన్నీళ్ళే వాడాలి. వేడినీళ్ళు పోశారంటే అది గట్టిపడి కూర్చుంటుంది. నూనె మరక పడిన వెంటనే దాని మీద చాక్‌పీసు పొడి చల్లి కొంతసేపు వదిలితే నూనెను పీలుస్తుంది. తర్వాత దులిపి సబ్బు పెట్టాలి. ఇది బడిపంతుళ్ళ వైద్యం, మాకు చాక్‌పీసు కరువులేదు. బురద పడితే తొందరపడి తుడవకండి. తడి మీద తుడిస్తే నూలు లోపలికి పోతుంది. ఆరనిచ్చి, బ్రష్షుతో దులిపి, అప్పుడు ఉతకాలి. వరద తర్వాత ఈ ఒక్క మాట తెలియక మేము ఎన్ని మంచి బట్టలు పాడుచేసుకున్నామో! తెల్లచొక్కా పసుపుబారితే ఉజాలా చుక్కలు ముందు బకెట్ నీళ్ళలో బాగా కలిపి, ఆ తర్వాతే బట్ట ముంచాలి. నేరుగా బట్ట మీద పోసి నీలం మచ్చలతో జుమాకు వచ్చిన పెద్దమనుషులు మనలో ఉన్నారు, పేర్లు చెప్పను.

రంగుబట్టలు తిరగేసి నీడన ఆరేయాలి. మన కర్నూలు ఎండకు రంగు నిలవదు. ఆరేసేటప్పుడే చొక్కాను హ్యాంగరుకు తగిలించి, కాలరు, గుండీల పట్టీ చేత్తో లాగి సరిచేస్తే ఇస్త్రీ పని సగం తగ్గుతుంది. కరెంటు ఇస్త్రీపెట్టె మా ఇంటికి రాకముందు మా అమ్మీ అడుగు సమంగా ఉన్న ఇత్తడి చెంబులో నిప్పులు వేసి, గుడ్డతో పట్టుకొని మా యూనిఫారాలు రుద్దేది. అబ్బాజాన్ ప్యాంటు మాత్రం మడత పెట్టి పరుపు కిందికి పోయేది. రాత్రంతా ఆయన బరువే దానికి ఇస్త్రీ.

టెరికాటన్, పాలియస్టర్ బట్ట ముడత పడదు, తొందరగా ఆరుతుంది. రెండే జతలు ఉన్నవాడికి అది వరమే. కాని చెమట వాసనను పట్టి ఉంచుతుంది. ఏప్రిల్, మే నెలల్లో దాన్ని రెండో రోజు ఉతకకుండా వేసుకొని పక్కన కూర్చున్నవాళ్ళను ఇబ్బంది పెట్టకండి. ఆ వాసన మీద అత్తరు పూస్తే రెండు వాసనలు అవుతాయి గాని ఒకటి పోదు. రంగుల మాటకొస్తే, ప్యాంట్లు బూడిద రంగువి, ముదురు నీలివి కుట్టించుకుంటే ఏ చొక్కాతోనైనా కుదురుతాయి. రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు ఉన్నవాడు లెక్కవేసుకుంటే ఆరు జతలు.

సమయం లేదంటారు. నిజమే. ఉదయం నీళ్ళు పట్టుకోవడం, పిల్లలను లేపడం, టిఫిను కట్టడం, వీటి మధ్య గుండీ ఊడిందని అప్పుడు చూసుకుంటే ఏ ఇంట్లోనైనా రభసే. అందుకని పొద్దున కాదు, ఇషా నమాజు తర్వాత పదిహేను నిమిషాలు పెట్టుకోండి. రేపటి చొక్కా, ప్యాంటు, జేబురుమాలు, మేజోళ్ళు ఒకచోట పెట్టడం, చెప్పులు తడిగుడ్డతో తుడవడం, గుండీలు ఒకసారి లాగి చూడటం. చెప్పు కుట్టు వదులైన రోజే కుట్టించాలి, తెగిన రోజు కాదు. వానలో తడిసిన తోలు చెప్పులను ఎండలో పెడితే పగులుతాయి. బూట్లయితే లోపల పాత పేపరు కుక్కి నీడన ఆరబెట్టండి.

గోళ్ళు, మీసాలు కత్తిరించకుండా నలభై రోజులు దాటనివ్వకూడదని హదీసు ఆధారంగా మన పెద్దలు చెప్పగా విన్నవాళ్ళమే. దానికి డబ్బు అక్కరలేదు.

ఇక ఇంట్లో ఆడవాళ్ళ గురించి ఒక మాట. మనం తెల్లటి జుబ్బా వేసుకొని బజారుకు పోతుంటే అందరూ మన శుభ్రతను మెచ్చుకుంటారు. ఆ జుబ్బా వెనుక ఎవరి రెండు గంటలు ఉన్నాయి? ఆమె తలదువ్వుకునే సమయం మన ఇస్త్రీకి పోయింది. బురఖా అంచు రోడ్డు దుమ్ములో ఈడ్చుకొని తెల్లబారుతుంది, దాన్ని దులిపి తిరగేసి ఉతకడానికి ఆమెకు ఆదివారం కూడా తీరదు. మగపిల్లలు గుండీ కుట్టుకోవడం నేర్చుకుంటే ఎవరి మగతనమూ తగ్గిపోదు. మా బడిలో నెలకొక శనివారం చివరి పీరియడులో మగపిల్లలకు సూదిలో దారం ఎక్కించడం, గుండీ కుట్టడం, మడత పెట్టడం నేర్పుతున్నాను. మొదట్లో ఒక తండ్రి వచ్చి, "సదువు చెప్పమని పంపితే దర్జీ పని నేర్పిస్తున్నారేమి సార్?" అని కోపగించుకున్నాడు. ఆయన చొక్కాకు పైనుంచి మూడో గుండీ లేదు. వాళ్ళబ్బాయే అక్కడికక్కడ కుట్టి ఇచ్చినాడు.

సొసైటీ పెద్దలకు ఒక మనవి. ప్రతి రంజానుకు మనం పాత బట్టలు పోగుచేసి పంచుతున్నాం. మూట కట్టి ఇచ్చేస్తున్నాం. దయచేసి ఈసారి నుంచి అలా వద్దు. పంచడానికి రెండు వారాల ముందే తీసుకోండి. ఉతికించండి, గుండీలు వేయించండి, సైజుల వారీగా వేరు చేయండి. మిషను ఉన్న అక్కచెల్లెళ్ళు నలుగురు, చేతిపని చేయగల మగవాళ్ళు నలుగురు రెండు ఆదివారాలు కూర్చుంటే చాలు. తీసుకునేవారి కొలత కాగితం మీద రాసుకొని, సరిచేసి, మడతపెట్టి, సంచిలో పెట్టి వాళ్ళ ఇంటికి పంపుదాం. సభలో వరుసగా నిలబెట్టి ఇవ్వడం వద్దు. సూదులు, దారం, గుండీల ఖర్చు ఈ ఏడాదికి నాది. అబ్బాజాన్‌కు చూపు తగ్గింది, సూదిలో దారం ఎక్కించలేరు. అయినా కొలతలు నేను తీస్తానని ముందే చెప్పి పంపినారు.

పోయిన జూన్‌లో మా తమ్ముడు నడుపుతున్న ఆ దుకాణం ముందు నేను కూర్చొని ఉండగా ఒక యువకుడు మోటారు సైకిలు దిగి వచ్చినాడు. చేతులకు గ్రీజు ఉంది, చొక్కా మాత్రం నలగలేదు. ముందు నేను గుర్తుపట్టలేదు, వాడే సలాం చేసినాడు. సొంత షెడ్డు పెట్టుకున్నాడట. కొడుకును ఒకటో తరగతిలో చేర్చినాడట. సంచిలో నుంచి చిన్న యూనిఫారం ప్యాంటు తీసి మా తమ్ముడి ముందు పెట్టి, "కింద రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టు భాయ్, వచ్చే ఏడు విప్పుకుంటాము" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఏ వారం బడి తెరుస్తారు సార్?" అని అడిగినాడు.

చెప్పినాను.