పాత బాయొనెట్టును గుర్తించుట ఎట్లు?

మన చిత్తూరు సీమలో పాత యిండ్ల అటకలమీద త్రుప్పుపట్టిన పొడవైన కత్తి యొకటి అప్పుడప్పుడు బయటపడుచుండును. ఇంటివారు దానిని “హైదరు కాలపు కత్తి” యందురు. ఆ మాటకు ఆధారము లేకపోలేదు. 1781 సెప్టెంబరు 27న షోలింగూరు వద్ద హైదరాలీకిని, సర్ ఐర్ కూట్ నడపిన కుంపిణీ సైన్యమునకును యుద్ధము జరిగెను. మరుసటి యేడు డిసెంబరు 7న చిత్తూరు చేరువనున్న నరసింగరాయనిపేట దండులో హైదరు కన్నుమూసెను. అయినను దొరకిన ప్రతి కత్తియు ఆ నాటిది కాదు. దాని వయస్సును కత్తియే చెప్పవలెను; మనము చదువుట నేర్వవలెను.

మొదట చూడవలసినది మొన కాదు, మొదలు. బాయొనెట్టు తుపాకి గొట్టపు చివర తగిలించు ఆయుధము. హిందూస్థానీలో దీనినే సంగీను అందురు. కావున తగిలించుటకు గొట్టమో, ఉంగరమో, పిడిలో గాడియో ఉండితీరవలెను. ఇవేవియు లేనిచో అది బాకో, పిడికత్తియో యగును గాని బాయొనెట్టు కాదు.

పిడి లేక, బోలు గొట్టమును, దాని ప్రక్కనుండి వంగి ముందుకు సాగిన మూడంచుల మొనయు ఉన్నచో అది పాత తరమునకు చెందినది. కుంపిణీ సిపాయిల చెకుముకి తుపాకులకు ఇట్టివే ఉండెడివి. మొన పొడవు సుమారు 17 అంగుళములు. ఇది కోయుటకు గాదు, పొడుచుటకే. 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి బాయొనెట్టు కూడ ఇట్లే కనబడును గాని, దాని గొట్టము సన్ననిది. గొట్టముపై తిరుగుచు బిగించు ఉంగర మొకటి యుండును. ఈ ఉంగరము గల వస్తువును హైదరునకు అంటగట్టరాదు. అప్పటికి అతడు మరణించి డెబ్బదియేండ్లు గడచినవి.

మన యిండ్లలో తరచుగా దొరకునది వేరొకటి. కొయ్యపలకల పిడి, గొట్టపుమూతి దూరు ఉంగరము, ఒకే అంచుగల 17 అంగుళముల అలుగు, ప్రక్కన పొడవైన గాడి: ఇది లీ-ఎన్‌ఫీల్డు తుపాకిది. అలుగు మొదట కిరీటమును, 1907 అను అంకెయు కనబడును. చాలమంది దీనిని తయారైన సంవత్సరమని భ్రమపడుదురు. అది నమూనా ఏర్పడిన సంవత్సరము మాత్రమే. తయారైన నెలయు, సంవత్సరమును దాని క్రింద చిన్న అంకెలలో నుండును. రెండవ ప్రక్క బాణపు గుర్తు సర్కారు సొత్తని తెలుపును. గుణకారపు గుర్తు అలుగును వంచి పరీక్షించిరని తెలుపును. ఆర్.ఎఫ్.ఐ. అను అక్షరములున్నచో అది వంగదేశమునందలి ఈషాపూరు తుపాకుల కర్మాగారమున చేసినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అక్కడ 12 అంగుళముల పొట్టి అలుగులును చేసిరి.

ఇంత చిన్న గుర్తులే సాక్ష్యములు గనుక మేము ముఖ్యముగా కోరునది యొకటి. ఆయుధపూజకు మెరయవలెనని ఇటుకపొడితోను, చింతపండుతోను తోమకుడు, ఆకురాయి పెట్టకుడు. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, కొద్దిగా నూనె రాచి యుంచుడు. కొలిమిలో పడి కొడవలియైన బాయొనెట్టు మరల మాటాడదు. దానితోపాటు తాతగారి పతక మున్నదేమో వెదకుడు. మొదటి ప్రపంచయుద్ధపు వెండి పతకముల అంచున సిపాయి పేరు, సంఖ్య, పటాలము చెక్కబడి యుండును. బాయొనెట్టు కాలమును చెప్పును. పతకము మనిషిని చెప్పును. రెండును కలిసినచో మెసపొటేమియాకు పోయిన యొక పల్లెవాని చరిత్ర ఆ యింట నిలుచును.

ఇక చట్టము సంగతి. 1959 ఆయుధచట్టపు పరిధిలోనికి బాయొనెట్టు వచ్చును. కావున ఇంట నుంచుకొనుటను గూర్చి పోలీసు ఠాణాలో అడిగి తెలిసికొనుట మేలు. దున్నునపుడు భూమిలో దొరకిన విలువగల పాత వస్తువును 1878 నిక్షేప చట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలెను. నూరేండ్లు దాటినది 1972 చట్టము క్రింద పురావస్తువు కావచ్చును. దానిని దేశము దాటింపరాదు.

హైదరు పేరు లేకున్నంత మాత్రమున ఇంటి వస్తువునకు గౌరవము తగ్గదు. అబద్ధపు పెద్దరికముకంటె నిజమైన చిన్న చరిత్ర మేలు.