కోర్టు వీసా ఇవ్వదు: ప్రొటెక్షన్ వీసా రిజెక్ట్ అయితే ఏం జరుగుతుంది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి ఆస్ట్రేలియాకు చదువుకోను పోయిన మన పిల్లోళ్లకు ఒక సలహా దొరుకుతుంటుంది. "స్టూడెంట్ వీసా అయిపోతోందా? ప్రొటెక్షన్ వీసా పెట్టు. మాది కడప జిల్లా, ఇంటికి పోతే ఫ్యాక్షనోళ్లు చంపేస్తారని రాయి. రిజెక్ట్ అయితే కోర్టుకు పోదువులే, అన్నాళ్లూ పని చేసుకోవచ్చు." చీనీ తోట తాకట్టు పెట్టి పంపిన నాయన ఇక్కడ అప్పు కడుతుంటాడు కాబట్టి, అక్కడ వాడికి ఆ మాట తియ్యగా వినిపిస్తుంది.

ఆ "కోర్టు" అన్న మాటే ఈరోజు మన టాపిక్.

ఈ వీసా నంబరు 866. ముందు హోమ్ అఫైర్స్ ఆఫీసరు చూస్తాడు. కాదంటే 28 రోజుల్లో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రైబ్యునల్‌కు పోవాలి. 2024 అక్టోబరులో పాత ట్రైబ్యునల్ తీసేసి దీన్ని పెట్టారు. నీ కథ మొత్తం మొదటి నుంచి మళ్లీ వినేది ఇక్కడే. ఇక్కడా ఓడిపోతే, తీర్పు వచ్చిన 35 రోజుల లోపల ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టు. గడువు దాటితే పొడిగించమని అడగొచ్చు, ఇస్తారని గ్యారంటీ లేదు.

మనవాళ్లు పొరపడేది ఈ కోర్టు దగ్గరే. మన హైకోర్టులో రిట్ వేస్తారు చూడండి, కొంచెం అట్లాంటిది. "ఇంటికి పోతే నిన్ను చంపుతారా లేదా" అని జడ్జి అడగడు. "ట్రైబ్యునల్ చట్టం ప్రకారం నడుచుకుందా లేదా" అంతే చూస్తాడు. నువ్వు చెప్పిన ముఖ్యమైన విషయాన్ని అసలు పట్టించుకోకపోవడం, నీ మాట వినే అవకాశం ఇవ్వకపోవడం, చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం, ఇట్లాంటివి ఉంటేనే కేసు. గెలిచినా వీసా చేతికి రాదు. ఫైలు మళ్లీ ట్రైబ్యునల్‌కే పోతుంది.

ఇప్పుడు ఫ్యాక్షన్ సంగతి. శరణార్థి అనిపించుకోవాలంటే భయం ఉంటే చాలదు. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గం, ఈ ఐదింట్లో ఒక కారణం ఉండాలి. పొలం గట్టు తగాదాలో మీ నాయనకు శత్రువులున్నారు, ఆయన కొడుకువని నిన్ను చంపుతామంటున్నారు అనుకో. మైగ్రేషన్ యాక్ట్ సెక్షన్ 5కె ప్రకారం ఆ భయాన్ని కుటుంబ కారణం కింద లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే మొదటి గొడవ ఆ ఐదింట్లో లేదు. కారణంతో పనిలేని ఇంకో దారి ఉంది, కాంప్లిమెంటరీ ప్రొటెక్షన్ అంటారు. అక్కడ వేరే ప్రశ్న ఎదురవుతుంది: "హైదరాబాదులోనో బెంగళూరులోనో బతకొచ్చు గదా?" అదే ఫ్యాక్షన్ రాజకీయ అభిప్రాయం వల్ల వచ్చిందని చూపగలిగితే లెక్క మారుతుంది, కానీ దేశంలో ఎక్కడికి పోయినా ముప్పు ఉందని అక్కడా చూపాల్సిందే.

అందుకే ఒక్కో మాట ముఖ్యం. మన పల్లెల్లో "ఊర్లో రెండు పార్టీలు" అంటే చాలాసార్లు రెండు వర్గాలని అర్థం. ఇంటర్‌ప్రెటర్ దాన్ని పొలిటికల్ పార్టీ అని చెప్పినా, పొలిటికల్ పార్టీని ఉత్త వర్గమని చెప్పినా, కథే మారిపోతుంది. ఫలితాన్ని మార్చేంత తప్పు అనువాదం జరిగిందని రికార్డింగుతో చూపగలిగితే, అది కోర్టులో నిలబడే పాయింటు. హియరింగులో ఏదైనా తేడాగా అనిపిస్తే అక్కడే, అప్పుడే చెప్పండి సామీ.

నిజంగా ప్రాణభయం ఉన్నోళ్లకు ఈ కోర్టు చిన్నదేం కాదు. 2001లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇట్లాంటి కేసులు కోర్టుల దాకా పోకుండా చట్టంలో ఒక అడ్డు పెట్టింది. 2003 ఫిబ్రవరిలో ఎస్157 కేసులో అక్కడి హైకోర్టు, అంటే వాళ్లకు అదే సుప్రీంకోర్టు, ఏం చెప్పిందంటే: పరిధి దాటిన తప్పు ఉంటే ఆ అడ్డు పనిచేయదు, కోర్టు తలుపు మూయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. ఎస్157 అనేది ఆ మనిషికి పేరు బదులు ఇచ్చిన నంబరు. ఇప్పటికీ ఇట్లాంటి కేసుల్లో అర్జీదారు పేరు కోర్టు బయటపెట్టదు.

మరి కట్టుకథ రాసినోడి పరిస్థితి? వీసా రిజెక్ట్ అయ్యాక ఆస్ట్రేలియాలో ఉండి మళ్లీ ప్రొటెక్షన్ వీసా పెట్టను సెక్షన్ 48ఎ అడ్డం. వేరే వీసాలకు కూడా చాలావాటికి దారి మూసుకుంటుంది. కోర్టులో ఓడితే మంత్రి తరఫు లాయరు ఖర్చులు కూడా నువ్వే కట్టాల్సి రావచ్చు, అవి వేల డాలర్లలో ఉంటాయి. ఇంట్లో పెండ్లో చావో వచ్చి ఊరికి వస్తే, "చంపుతారని రాసిన ఊరికే ఎట్ల పోయినావు" అని అడుగుతారు.

గెలిచే అవకాశమే లేని కేసు వేయమని ఎగదోసినోడి మీద కూడా సెక్షన్లున్నాయి, 486ఇ, 486ఎఫ్. ఖర్చులు వాడి చేత కట్టించే అధికారం కోర్టుకుంది. కాబట్టి "కోర్టుకు పోదువులే" అనేవాడిని రెండు అడగండి. నువ్వు లాయరువా? కాకపోతే నీ మైగ్రేషన్ ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరెంత? ఆ నంబరు ఓమారా వెబ్‌సైటులో ఫ్రీగా వెతుక్కోవచ్చు. 35 రోజుల గడువు ఇప్పటికే నడుస్తున్నోళ్లు, వీడియో ఆపేసి ఈరోజే అక్కడి లీగల్ ఎయిడ్‌కు ఫోన్ చేయండి.